సాక్షులుగా పుస్తకాలు

డాక్టర్ అంబేడ్కర్ పుస్తక ప్రేమ గురించి మాట్లాడేటప్పుడు లెక్కలే ముందుకు వస్తాయి: ఇంట్లో ఎన్ని వేల గ్రంథాలు, రోజుకు ఎన్ని గంటల చదువు. ఆ లెక్కలు ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. తేల్చినా మనకు ఒరిగేది తక్కువ. ఆయన చదివినదాన్ని ఏ పనికి పెట్టారన్నది నా ప్రశ్న. నాకు తోచిన జవాబు ఇది: ఆయన పుస్తకాలను సాక్షులుగా కూడబెట్టారు. పలుకుబడి గల ఇంట పుట్టినవాడి నోటిమాట సభలో చెల్లుతుంది. ఊరు అంటరానిదన్న ఇంట పుట్టినవాడు నిజం చెప్పినా రుజువు అడుగుతారు. అలాంటివాడికి రుజువు ఎప్పుడూ చేతికందేంత దూరంలో, సొంత బీరువాలో ఉండాలి.

ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో సంస్కృతం చదువుతానంటే ఆయనకు కుదరదన్నారు. పర్షియన్‌తో సరిపెట్టుకున్నారు. బరోడా మహారాజు ఇచ్చిన ఉపకార వేతనంతో 1913లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరి, పాత పుస్తకాల దుకాణాల్లో దాదాపు 2,000 పుస్తకాలు కొన్నారని జీవితచరిత్రకారులు రాశారు. 1917లో ఆయన స్వదేశానికి వస్తున్నప్పుడు సామాను వేసిన ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. ఎన్నో పుస్తకాలు సముద్రం పాలయ్యాయి. అయినా కొనడం ఆగలేదు. 1920లో లండన్ వెళ్లి, రూపాయి సమస్యపై పరిశోధన పూర్తిచేసి 1923లో గ్రంథంగా వెలువరించారు. 1925లో కరెన్సీపై నియమించిన రాయల్ కమిషన్ ముందు నిలబడి సాక్ష్యం చెప్పారు. చదువు అక్షరాలా వాంగ్మూలమైంది. ఆయన గురువు జాన్ డ్యూయీ 1916లో ప్రచురించిన ‘డెమోక్రసీ అండ్ ఎడ్యుకేషన్’ ప్రతి ఒకటి ఆయన గీసిన గీతలతో నేటికీ ఉంది. ఆ పేజీలలోని ఆలోచన ఇరవై ఏళ్ల తర్వాత ‘కుల నిర్మూలన’లో, గురువు పేరుతో సహా, పనికొచ్చింది. మరుసటి వారం మరిచిపోయే చదువు కాదది. ఎప్పుడో రాబోయే వ్యాజ్యం కోసం దస్తావేజులు సర్దిపెట్టుకున్న చదువు.

ఒక అభ్యంతరం వినిపిస్తుంది. తన జనం చాళ్ల ఇరుకు గదుల్లో ఉంటుంటే, నాయకుడు దాదర్‌లో రాజగృహ అనే ఇల్లు కట్టుకుని దాన్ని గ్రంథాలతో నింపడం న్యాయమేనా? అడగదగిన ప్రశ్నే. ఆయనా పరేల్ చాల్లో కాపురమున్నవారే. అక్కడ పుస్తకం పెట్టుకోవడానికి చోటు ఉండదనీ, చోటు లేనిచోట చదువు సాగదనీ అనుభవంతో తెలిసినవారు. పైగా ఆ సంపద ఇంట్లోనే మూలుగుతూ ఉండిపోలేదు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించారు, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాల తెరిచారు. ఆయన పుస్తకాల్లో చాలా భాగం ఆ కళాశాలకే చేరింది. ఇతరులకు దక్కకుండా దాచుకునేవాడు ఆ పని చేయడు.

దీనికంటే గట్టి అభ్యంతరం మహద్‌ది. 1927 డిసెంబర్ 25న మనుస్మృతిని తగలబెట్టిన మనిషిని పుస్తక ప్రేమికుడని ఎలా అంటారు? చదవకుండా తగలబెడితే ఈ మాట నిలుస్తుంది. ఆయన ఆ గ్రంథాన్ని ఎన్నడూ వదిలిపెట్టలేదు. తర్వాతి రచనల్లో దాని శ్లోకాలను అంకెలతో సహా ఉదహరిస్తూ వాదించారు. ప్రతివాది పక్షం సాక్షిని మళ్లీ మళ్లీ బోనెక్కించి ప్రశ్నించే న్యాయవాది పద్ధతి అది. మహద్‌లో కాలిపోయింది ఒక శాసనానికి ఉన్న అధికారం. దాని పాఠం మాత్రం ఆయన బల్లమీదే ఉంది. 1946లో ‘శూద్రులెవరు?’ ముందుమాటలో ఆయన తనకు సంస్కృతంలో పాండిత్యం లేదని దాచకుండా ఒప్పుకున్నారు. ఆ సాహిత్యం దాదాపు అంతా ఇంగ్లీషులో దొరుకుతోందనీ, అనువాదాల్లోనే అయినా పదిహేనేళ్లు చదివినవాడికి మాట్లాడే అర్హత ఉంటుందనీ వాదించారు. బడిలో మూసిన తలుపును అనువాదాల దారిన తెరుచుకున్న మనిషి మాట అది. పండితులు ఆయన నిర్ణయాలతో విభేదించవచ్చు, విభేదించారు కూడా. ఆ గ్రంథాల మీద మాట్లాడే హక్కు నీకు లేదని అనడం మాత్రం ఇక వాళ్లకు సాధ్యం కాలేదు.

రాజ్యాంగం పరాయి పుస్తకాల నుంచి ఎత్తిరాసినదన్న నింద మూడోది. 1948 నవంబర్ 4న ముసాయిదాను రాజ్యాంగ సభ ముందుంచుతూ, అరువు తెచ్చుకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదనీ, రాజ్యాంగ మూలభావాల మీద ఎవరికీ పేటెంటు లేదనీ అంబేడ్కర్ తేల్చిచెప్పారు. పాలనా వివరాలు ఇన్నెందుకన్న విమర్శకు జవాబుగా గ్రీసు చరిత్ర రాసిన ఆంగ్లేయుడు గ్రోట్‌ను పిలిచారు. రాజ్యాంగ నైతికత పుట్టుకతో రాదు, అలవరచుకోవాలి. మనవాళ్లు ఇంకా అలవరచుకోలేదు కాబట్టి ఆ వివరాలను శాసనసభల ఇష్టానికి వదిలేయడం ప్రమాదమని వాదించారు. పాత ఏథెన్స్ గురించిన ఒక ఆలోచన ఢిల్లీలో శాసనరచనకు కారణమైంది. దీన్ని ఎత్తిరాయడం అనలేం. సంవత్సరం తర్వాత, 1949 నవంబర్ 25న, తమ స్వేచ్ఛను ఎంత గొప్పవాడి పాదాల దగ్గరా పెట్టవద్దన్న ఆంగ్ల తత్వవేత్త మిల్ హెచ్చరికను సభకు గుర్తుచేశారు. అదే ఉపన్యాసంలో బౌద్ధ భిక్షు సంఘాల సంగతి ఎత్తి, కూర్చునే క్రమం, తీర్మానాలు, కోరం, ఓట్ల లెక్కింపు లాంటి పార్లమెంటరీ నియమాలు వాటికి తెలుసనీ, ఈ దేశం ఆ ప్రజాస్వామ్యాన్ని ఒకసారి పోగొట్టుకుందనీ, రెండోసారి పోగొట్టుకుంటుందేమోననీ హెచ్చరించారు.