నగరపు బతుకమ్మ



మొన్నటి భాద్రపద అమావాస్యనాడు నగరమునందలి నా కూతురింటికి బయలుదేరితిని. మొయినాబాదు దాటినపిమ్మట గట్టుమీది తంగేడును, బీడునేలలోని గునుగును కోసి అమ్ముచున్న యొక ముసలమ్మ కనబడగా నాలుగు కట్టలు కొంటిని.

సాయంకాలమున ఆ పూలే తాంబాళమునందు వరుసపై వరుసగా పేర్చబడి బతుకమ్మయైనవి. ఈ కళకు బడి లేదు, రుసుము లేదు. తల్లి చేతిని జూచి కూతురు నేర్చును. తొమ్మిది దినములు నగరపు వీధులు పల్లె వాకిండ్లగును. 2014లో తెలంగాణ ప్రభుత్వము బతుకమ్మను రాష్ట్ర పండుగగాను, తంగేడును రాష్ట్ర పుష్పముగాను ప్రకటించినది.

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల రైతులు బంతి, చేమంతులను సాగుచేయుదురు. తంగేడును, గునుగును విత్తువారు లేరు. అవి తమంత తాము మొలచునవి. బీడులు ఇండ్ల స్థలములై ప్రహరీలు లేచినకొలది వాటికి చోటు తరిగిపోవుచున్నది. పేరునకు గౌరవించి, వేరును పెరుకుట తగునా?

గట్టు చెక్కునపుడు నాలుగు తంగేడు పొదలను విడువుడు. మన మనుమరాండ్రు నగరమున ఆడు బతుకమ్మకు వేరు మన గట్టుమీదనే యున్నది.