కర్మాగారపు లెక్క



లెక్కలు వ్రాయుటయే నా వృత్తి గనుక, ఈ రజతోత్సవ సభలో నొక లెక్కను గూర్చియే విన్నవించెదను.

కర్మాగారమునకు ధనపు లెక్క యొకటియే చాలదు. ఎంత బొగ్గు కాల్చినది, ఎంత విద్యుత్తు వాడినది, ఎంత నీరు తోడినది, పొగగా, మురుగుగా, బూడిదగా ఎంత వెలికి విడిచినది, అన్నియు వ్రాయవలెను. జమాఖర్చులు సరిపోలవలెను. నూరు కడవల నీరు లోనికి పోయి, ఎనుబదికే లెక్క తేలినచో, తక్కిన యిరువది యెవరి పొలమున పడినవి?

ఇది వట్టి ఊహ కాదు. పటాన్‌చెరు, బొల్లారము కర్మాగారముల మురుగు పరిసర గ్రామముల నీటిని, నేలను చెరచుచున్నదని 1990లో సుప్రీంకోర్టున వ్యాజ్యము దాఖలైనది. మార్చి 31తో ముగిసిన యేటి పర్యావరణ నివేదికను సెప్టెంబరు 30లోగా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి పంపవలెనని 1993లో నియమ మేర్పడినది.

అట్టి లెక్క చదువుటకు మెలకువ వలయును. టన్ను సరకునకు పది కడవల నీరు ఎనిమిదికి తగ్గెనందురు. మెచ్చదగినదే. కాని ఒక టన్ను చేయుచోట రెండు టన్నులు చేసినచో, మొత్తము పదునారగును. వాగునకు తగులునది మొత్తమే కదా!

కావున సోదరులారా, 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద ఆ నివేదికల ప్రతులు కోరి, పురాణముల సరసనే ఈ గ్రంథాలయమున నుంచుడు. లెక్క వ్రాయువా డొక్కడైనను, చదువువారు పదుగురుండవలెను.