సైరన్ ఆగిన తరువాత

108 అంబులెన్సులో 12 గంటలు విధులు నిర్వర్తించి తెల్లవారుజామున ఇల్లు చేరే తండ్రులు మన సఫ్‌లలోనే ఉన్నారు. ప్రాణాన్ని కాపాడే పుణ్యం ఎంతో గొప్పది. అయినా అది పిల్లల హక్కును రద్దు చేయదు. రాత్రంతా నమాజులో నిలవబోయిన అబూ దర్దా (రజి)ను సల్మాన్ (రజి) వారించి, ప్రభువుతోపాటు దేహానికీ, ఇంటివారికీ హక్కులున్నాయని గుర్తుచేశారు. దైవప్రవక్త (స) ఆ మాటను ధ్రువీకరించారు. కనుక డ్యూటీ దిగినవాని నిద్ర కూడా హక్కే. దీనిని ఇల్లాలు, పిల్లలు గ్రహించాలి. కాని నిద్ర లేచి ఫోను పట్టుకు కూర్చునే తండ్రికి ఏ సాకూ లేదు. సజ్దాలో ఉండగా మనుమడు వీపునెక్కితే దైవప్రవక్త (స) ఆ బిడ్డను దించక సజ్దానే పొడిగించారు. ఇక పండుగనాడు డ్యూటీ పడిన సోదరుని పిల్లలను ఈద్గాహ్‌కు తీసుకువెళ్ళే బాధ్యత పొరుగువారమైన మనది.