‘నేటివ్ ప్లేస్’ అనగా ఏ ఊరు?

ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం



బిడ్డను బడిలో చేర్పించే వేళ తండ్రి కలం ‘నేటివ్ ప్లేస్’ అన్న గడి వద్ద ఆగిపోతుంది. బిడ్డ పుట్టినది బరంపురంలో. తండ్రి, తాత పుట్టినదీ ఇక్కడే. ముత్తాత విడిచివచ్చిన గోదావరి తీరపు ఊరు వ్రాస్తే బిడ్డను పరాయివాడంటారేమోనని భయం. వ్రాయకుంటే పెద్దలను మరచినట్లని బాధ.

‘నేటివ్’కు మూలమైన లాటిన్ పదానికి పుట్టుకతో వచ్చినదని అర్థం. ఆ లెక్కన అది జన్మస్థలమే కావలెను. ఆంగ్లేయుల ఏలుబడిలో ఆ మాటకు చిన్నచూపు అంటుకొన్నది. దేశీయులందరూ వారికి ‘నేటివులే’. భారతీయులు మాత్రం దానికి పూర్వుల ఊరు అన్న అర్థాన్ని కల్పించుకొన్నారు. సెలవులకు ‘నేటివ్’ వెళుతున్నామని సగం మాటతోనే సరిపెడుతున్నారు. దీనిని తప్పు ఇంగ్లీషని కొట్టివేయడం పంతుళ్ల తొందరపాటు.

తెలుగువారి ఇంటిపేర్లలో అనేకం ఊరిపేర్లే. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో తిరుత్తణిలో జన్మించారు. నెల్లూరు సీమలోని పూర్వుల గ్రామం ఇంటిపేరులో నిలిచింది. ఆ తిరుత్తణి 1960లో ఆంధ్రప్రదేశ్ నుండి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. వి.వి.గిరి గారు 1894లో ఈ బరంపురంలోనే జన్మించారు. అప్పుడిది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా; 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో చేరింది; 2011 నుండి ఆ రాష్ట్రమే ఒడిశా. ఇల్లు మారకుండానే ఎన్నో కుటుంబాలకు రాష్ట్రం మారింది. అట్టివారిని ‘ఎక్కడి నుండి వచ్చారు?’ అని అడిగితే ఏమని చెప్పగలరు?

జన్మస్థలం గడిలో జనన ధ్రువపత్రంలో ఉన్న ఊరే వ్రాయవలెను. చిరునామాలో నేడు నివసించే ఇల్లు. ఈ రెండింటిలో పొరపాటు దొర్లితే తరువాత పాస్‌పోర్టు వేళ చిక్కులు తప్పవు. ‘నేటివ్ ప్లేస్’ గడిలో మూడు తరాలవారు నిస్సంకోచంగా బరంపురమనే వ్రాయవచ్చును. అందువలన ముత్తాతకు అగౌరవమేమీ లేదు.

ఆయన ఊరిపేరును మాత్రం ఇంట వృద్ధులు ఉండగానే అడిగి, తాలూకాతో సహా తెలుగు లిపిలో వ్రాసి ఉంచుకొనవలెను. ఇంగ్లీషు అక్షరాలలో పడిన పిదప కొత్తపల్లి ఏదో, కోటపల్లి ఏదో మనుమలకు తెలియదు.