న్యూయార్క్ పోస్టు ఎవరికి?

పట్టాలు అందుకున్న మీ అందరికీ అభినందనలు.

ఇలాంటి వేదికల మీద పెద్దలు కలలు కనమని చెబుతుంటారు. మీకు ఆ పని ఒకరు చెప్పాలా? నేను ఒక ఉద్యోగ నియామకం గురించి చెబుతాను. మీలో చాలామంది ప్రభుత్వ పాలన, అంతర్జాతీయ వ్యాపారం చదివారు. రేపు ఇలాంటి ఫైలు మీ బల్ల మీదికే వస్తుంది.

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం ఉంది. దాని రాజధాని సిడ్నీ. మనవాళ్ల పిల్లలు అక్కడ బోలెడంతమంది ఉన్నారు కాబట్టి ఆ ఊరు మీకు కొత్త కాదు. ఆ రాష్ట్రానికి లండన్, టోక్యో, సింగపూర్, ముంబై లాంటి చోట్ల 2021లో సొంత వాణిజ్య ప్రతినిధులుండేవాళ్లు. అలాంటిదే న్యూయార్క్‌లోనూ ఒక పోస్టు. జీతభత్యాలన్నీ కలిపి ఏడాదికి సుమారు 5 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు. మన డబ్బుల్లో రెండున్నర కోట్లు దాటుతుంది.

ఒక రాష్ట్రానికి విదేశంలో సొంత ఆఫీసు ఎలా ఉంటుందని మీకు సందేహం రావాలి. మన రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో కేంద్ర జాబితా 11వ అంశం చూడండి. దౌత్య, కాన్సులర్, వాణిజ్య ప్రాతినిధ్యం మొత్తం కేంద్రానిదే. ఆస్ట్రేలియా దారి వేరు. 1901లో ఫెడరేషన్ ఏర్పడేదాకా అక్కడ ఒక్కో కాలనీకి ఒక్కో ప్రభుత్వం. ఒక్కోదానికి లండన్‌లో ఏజెంట్ జనరల్ అని ఒక మనిషి. అప్పులు పుట్టించడం, వలస వచ్చేవాళ్లను ఓడ ఎక్కించడం, ప్రభుత్వానికి కావలసిన సామాన్లు కొనడం ఆయన పని. దేశమంతా ఒకటయ్యాక హైకమిషనర్ వచ్చాడు గానీ ఏజెంట్ జనరల్ కుర్చీలు అక్కడే ఉండిపోయాయి. కుర్చీ ఉంటే కూర్చునేవాళ్లకేం కొదవ? విక్టోరియా ముఖ్యమంత్రిగా చేసిన గ్రాహమ్ బెర్రీ 1886లో ఏజెంట్ జనరల్‌గా లండన్ వెళ్లాడు. మన నామినేటెడ్ పదవుల భాషలో చెప్పాలంటే రాజకీయ పునరావాసం. అందరూ అలాంటివాళ్లేనని మాత్రం అనుకోకండి. న్యూ సౌత్ వేల్స్ తరఫున 1905 నుంచి 1926లో చనిపోయేదాకా దాదాపు అన్నాళ్లూ ఆ కుర్చీలో కూర్చున్న టిమోతీ కాగ్లన్ గణాంకశాస్త్రవేత్త. ఎన్నికల్లో నెగ్గి కాదు, లెక్కలు కట్టి పేరు తెచ్చుకున్నవాడు.

పైరవీకి ఈ పోస్టులంటే ఎందుకంత మక్కువ? పని కొలవడం కష్టం. ఒక కంపెనీ సిడ్నీలో ఆఫీసు తెరిస్తే అది వాణిజ్య ప్రతినిధి తెచ్చిందా, ఎలాగూ వచ్చేదా? ఎవరూ తేల్చలేరు. ఊరు దూరం, ఓటరు కంటికి ఆనదు. హోదా ఉంది, జీతం ఉంది, ఎన్నికలొచ్చినప్పుడల్లా జనం ముందుకెళ్లి చెయ్యి చాచే బాధ లేదు. కలెక్టర్ పోస్టులో పనిచేతగాని మనిషిని పెడితే నెల తిరక్కుండా జిల్లా గోల పెడుతుంది. న్యూయార్క్‌లో పెడితే ఎవరు గోల పెడతారు?

ఇక కథ. 2021లో ఆ న్యూయార్క్ పోస్టుకు పద్ధతి ప్రకారమే వేట జరిగింది. జెన్నీ వెస్ట్ అనే సీనియర్ అధికారిణి ఎంపికయ్యారు. ఆ ఆగస్టులో ముఖ్యమంత్రి గ్లాడిస్ బెరెజిక్లియన్ నోటు మీద సంతకం పెట్టారు. ఆ కబురు చెబుతూ శాఖాధిపతి ఎమీ బ్రౌన్ పంపిన మెసేజ్‌లో షాంపేన్ సీసా, స్వేచ్ఛా ప్రతిమ బొమ్మలున్నాయట. ఇది తర్వాత ఆ రాష్ట్ర ఎగువ సభ కమిటీ విచారణలో వెస్ట్ చెప్పిన మాట. రాతపూర్వకమైన కాంట్రాక్టు మాత్రం చేతికి రాలేదు.

సెప్టెంబరు చివర్లో క్యాబినెట్ ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. ఈ విదేశీ పోస్టులన్నీ ఇకమీదట మంత్రే నేరుగా నింపేలా చేయాలని. తెచ్చింది ఉపముఖ్యమంత్రి, వాణిజ్య మంత్రి జాన్ బారిలారో. క్యాబినెట్ సరేనంది. కొద్దిరోజులకే, అక్టోబరు మొదట్లో, రాజకీయాల నుంచి తప్పుకుంటున్నట్టు బారిలారో ప్రకటించారు. ఆ నెలలోనే వెస్ట్‌ను పిలిచి ఉద్యోగం లేదన్నారు. అది ఎవరికో కానుకగా ఇవ్వబోతున్నారని బ్రౌన్ తనతో అన్నట్టు వెస్ట్ విచారణ కమిటీకి చెప్పారు. మంత్రి నేరుగా నింపాలన్న ఆలోచన ఆ తర్వాత పక్కకు పోయింది. డిసెంబరులో మళ్లీ ప్రకటన ఇచ్చారు, మళ్లీ ఎంపిక సంఘం కూర్చుంది. 2022 జూన్‌లో పేరు బయటికొచ్చింది. జాన్ బారిలారో!

గోల ఎంత లేచిందంటే రెండు వారాలు తిరక్కుండా ఆయన తనంతట తానే తప్పుకున్నారు. తాను ముందే పథకం వేసుకున్నానన్న ఆరోపణను కమిటీ ముందు గట్టిగా ఖండించారు. ఆయన తర్వాత వాణిజ్య మంత్రి అయిన స్టువర్ట్ ఏర్స్ ఆగస్టులో రాజీనామా చేశారు. ఏర్స్ మంత్రుల నియమావళిని ఉల్లంఘించలేదని తర్వాత ఒక న్యాయవాది నివేదిక ఇచ్చిన సంగతి కూడా చెప్పాలి. బ్రౌన్ పదవి పోయింది. ఈ నియామకం మంత్రికి తగినంత దూరంగా జరగలేదని గ్రేమ్ హెడ్ అనే మాజీ పబ్లిక్ సర్వీస్ కమిషనర్ సమీక్షలో తేల్చారు.

మీరు గుర్తుపెట్టుకోవాల్సిన మనిషి వీళ్లెవరూ కాదు. ఆ ఎంపిక సంఘంలో సభ్యురాలు, అప్పటి పబ్లిక్ సర్వీస్ కమిషనర్ కాథ్రినా లో. ఎంపిక నివేదికను ఆమోదించినవాళ్లలో ఆవిడా ఉన్నారు. కమిటీ పిలిచి అడిగితే, ఇప్పుడు తెలిసినవన్నీ అప్పుడు తెలిసుంటే ఆ నివేదికను ఆమోదించేదాన్ని కాదని చెప్పారు. చిన్న ఉద్యోగిని కాదావిడ. రాష్ట్రంలో నియామకాలు నిష్పక్షపాతంగా జరుగుతున్నాయా లేదా చూడాల్సిన కుర్చీలోనే ఉన్నారు. ఆవిడ ముందున్న కాగితంలో ఎక్కడా నిబంధన తప్పలేదు. ప్రకటన ఉంది, సంఘం ఉంది, మార్కుల వరుస ఉంది. లేనిదల్లా ఆ కాగితం ఆ రూపానికి ఎలా వచ్చిందన్న చరిత్ర.

పైరవీ అంటే మనకు పైనుంచి ఫోన్ రావడం, ఎవరో చీటీ పంపడం. పాతకాలపు మాట అది. ఈ రోజుల్లో పైరవీ నియమం తప్పదు. నియమాన్ని ముందే మార్చి, ఆ మార్పుకొక నోటు పెట్టించి, ఆ నోటు కింద నలుగురి సంతకాలు తీసుకుంటుంది. ఆ నోటు మంత్రి రాయడు. మంచి ఇంగ్లీషులో, పేరాలు విడగొట్టి, ‘పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా’ అంటూ రాసేది మొన్ననే పట్టా పుచ్చుకుని చేరిన కుర్రాడో అమ్మాయో. అంటే మీరే.

రాజకీయ నాయకుడు వాణిజ్య ప్రతినిధిగా పనికిరాడని నేననడం లేదు. పదేళ్లు మంత్రిగా చేసినవాడికి తెరుచుకునే తలుపులు అధికారికి తెరుచుకోకపోవచ్చు. క్వీన్స్‌ల్యాండ్ ముఖ్యమంత్రిగా దిగిపోయిన పీటర్ బీటీని 2008లో ఆయన వారసురాలు అన్నా బ్లై అమెరికా ఖండాలకు వాణిజ్య కమిషనర్‌గా లాస్ ఏంజెలెస్ పంపారు. ప్రతిపక్షం దుమ్మెత్తిపోసింది. పోయనివ్వండి. ఎవరు ఎవరిని పంపారో, తిట్టాల్సింది ఎవరినో జనానికి తెలుసు. రాజకీయ నియామకం చేయదలిస్తే ఆ మాట చెప్పి చేయొచ్చు. అందరినీ దరఖాస్తు చేసుకోమని పిలిచి, ఇంటర్వ్యూలు పెట్టి, ఒకావిడకు ఉద్యోగం వచ్చిందని చెప్పి, వెనక్కి తీసుకుని, చివరికి ఆ పోస్టుల బాధ్యత చూసిన మంత్రికే ఇవ్వడం వేరు. అక్కడ పోయింది ఒక జీతం కాదు, నిజాయతీగా దరఖాస్తు చేసినవాళ్ల నమ్మకం.

సిడ్నీ వ్యవహారమంతా బయటికి ఎలా వచ్చిందంటే న్యూ సౌత్ వేల్స్ ఎగువ సభ వల్ల. అక్కడ ప్రభుత్వానికి మెజారిటీ లేదు. ప్రభుత్వ కాగితాలు తెచ్చి పెట్టమని ఆదేశించే అధికారం సభకుంది. కాగితాలివ్వనన్న మంత్రి మైకేల్ ఈగన్‌ను సభ నుంచి సస్పెండ్ చేయడం సబబేనని 1998లోనే వాళ్ల హైకోర్టు తీర్పు చెప్పింది. వాళ్ల హైకోర్టంటే మన సుప్రీంకోర్టు లాంటిది. ఆ అధికారంతో కమిటీ ఈమెయిళ్లూ డ్రాఫ్టులూ రప్పించుకుంది. 2023 మార్చి ఎన్నికల్లో ప్రభుత్వం ఓడిపోయింది. దానికి ఇదొక్కటే కారణమంటే అతిశయోక్తి.

మన సంగతికొద్దాం. మన రాష్ట్రాలకు విదేశాల్లో అధికారిక వాణిజ్య కార్యాలయం పెట్టుకునే వీల్లేదు. 2024 జులైలో కేరళ ఒక ఐఏఎస్ అధికారిణికి విదేశీ సహకార బాధ్యత అప్పగిస్తేనే, విదేశీ వ్యవహారాలు కేంద్రానివని ఢిల్లీ గుర్తుచేసింది. అయినా పెట్టుబడుల కోసం ముఖ్యమంత్రులు దావోస్ వెళ్తూనే ఉన్నారు, రాష్ట్రం తరఫున ప్రవాసులతో మాట్లాడటానికి ఉత్తర అమెరికా ప్రత్యేక ప్రతినిధి అనే హోదా మనకూ ఉంది. ప్రభుత్వం మారితే ఆ పేరూ మారుతుందని ఇక్కడున్న వాళ్లెవరికీ చెప్పనక్కర్లేదు. సిడ్నీలో కనీసం వంచడానికొక పద్ధతి ఉంది. ప్రకటన లేని చోట, ఎంపిక సంఘం లేని చోట, సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టినా చేతికొచ్చేది ఒక జీవో కాపీ. ఎవరెవరిని పరిశీలించారని అడిగితే ఇవ్వడానికి కాగితమే ఉండదు.

మీలో ఒకరు రేపు సచివాలయంలో ఒక పోస్టుకు నియామక నిబంధనలు తయారుచేస్తారు. ఎవరికోసం చేస్తున్నామో తెలియకముందే వాటిని రాసి, తేదీ వేసి ఫైలులో పెట్టేయండి. మధ్యలో మార్చమంటే, ఎందుకు మార్చమంటున్నారో, చెప్పినవాళ్ల పేరుతోసహా నోట్‌ఫైలులో ఒక లైను రాయండి. మార్చమనేవాళ్లలో సగంమంది, మీరు ఆ లైను రాస్తారని తెలిసి మార్చమనడమే మానేస్తారు. మిగతా సగం మిమ్మల్ని బదిలీ చేస్తారు. సామాను తక్కువ పెట్టుకోండి.

భోజనాలు చల్లారిపోతున్నాయని రిజిస్ట్రార్ గారు సైగ చేస్తున్నారు. సెలవు.