పని ఉంది, పోస్టు లేదు: ఆస్ట్రేలియా ఆదివాసులూ స్థానిక కౌన్సిళ్లూ



ఈ ఉపన్యాసం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ గారి పేరు మీద జరుగుతోంది. ఆయన గురించి ఈ సభకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆదిలాబాద్ గోండుల మీద నివేదిక రాసిచ్చి చేతులు దులుపుకోలేదాయన. 1943లో మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ పెట్టించారు, గోండిలో వాచకాలు రాయించారు. బయటినుంచి ఎంత మంచి ఉద్యోగిని తెచ్చినా, వాళ్లలోంచి తయారైన ఉద్యోగికి సాటిరాడని ఆయన నమ్మారు. ఆ నమ్మకం ఆస్ట్రేలియా స్థానిక ప్రభుత్వాల్లో ఏమైందన్నది ఇవాళ్టి నా విషయం.

ఆదివాసులను చర్చి మిషన్లు ఏలిన కాలాన్ని రెండు ముక్కల్లో దాటేస్తాను. రేషన్‌కి చాకిరీ చేయించుకున్నారు, జీతం రాస్తే దాన్ని అధికారి దగ్గర ఉంచారు. 1966లో పశుక్షేత్రాల కార్మికులకు సమాన వేతనమంటూ వచ్చిన తీర్పు, అదే ఏడు ఆగస్టులో విన్సెంట్ లింగియారి వెంట గురింజి ఆదివాసులు వేవ్ హిల్ పశుక్షేత్రం వదిలి నడిచిపోవడం, ఆదివాసుల విషయంలో రాజ్యాంగాన్ని మార్చిన 1967 రెఫరెండం, ఇవన్నీ మీరు చదివినవే. సమాన జీతం ఇవ్వాల్సి వచ్చేసరికి యజమానులు అసలు మనుషుల్నే తగ్గించుకున్నారన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ముందు ముందు ఇదే మళ్లీ ఎదురవుతుంది.

నేను ఎక్కువకాలం పనిచేసింది క్వీన్స్‌లాండ్ మీద. అక్కడికే వెళ్దాం. 1978లో ఆరుకున్, మార్నింగ్టన్ ద్వీపం అనే రెండు చోట్ల చర్చి నిర్వహణ తీసేసి తానే ఏలుబడి చెయ్యాలని ప్రీమియర్ బ్యెల్కె-పీటర్సన్ నడిపిన రాష్ట్ర ప్రభుత్వం పట్టుబట్టింది. కేంద్రం అడ్డుపడి, ఆ ప్రజలే స్వయంగా నడుపుకోవచ్చని చట్టం చేసింది. రాష్ట్రం ఊరుకుంటుందా? ఆ రెండూ ఆదివాసులకు కేటాయించిన రిజర్వులైతేనే కదా కేంద్ర చట్టం వర్తించేది! రిజర్వు అన్న హోదానే రద్దుచేసి, వాటిని షైర్లుగా, అంటే మామూలు స్థానిక సంస్థలుగా మార్చేసింది. అక్కడ కౌన్సిల్ పుట్టింది ప్రజలకు అధికారం ఇవ్వడానికి కాదు, రాకుండా చెయ్యడానికి. ఎన్నికైన కౌన్సిళ్లను కూడా ఆ ఏడాదే రద్దుచేశారు.

జీతాల కథ ఇంకా ఘోరం. జాతి వివక్షను నిషేధించే కేంద్ర చట్టం 1975లోనే వచ్చింది. క్వీన్స్‌లాండ్ మాత్రం తన రిజర్వుల్లో పనిచేసే ఆదివాసీ కార్మికులకు 1986 దాకా చట్టబద్ధమైన కనీస వేతనం కన్నా తక్కువే ఇచ్చింది. పామ్ ఐలాండ్ కార్మికులు కొందరు ఫిర్యాదు చేస్తే, ఇది వివక్షేనని మానవ హక్కుల కమిషన్ 1996లో తేల్చి, మనిషికి 7,000 డాలర్లు ఇవ్వాలంది. అంతకుముందు తరాల దగ్గర పట్టి ఉంచిన జీతాల కేసు 2019లో గానీ తెగలేదు. అప్పుడు రాష్ట్రం 19 కోట్ల డాలర్లకు రాజీ పడింది. చరిత్రకారిణి రోజాలిండ్ కిడ్ వంటివారు పాత దస్త్రాలు తవ్వకపోతే ఇదంతా బయటపడేది కాదు. ఇంకో సంగతి కూడా ఆ దస్త్రాల్లోనే ఉంది. వేతనం పెంచాల్సి వచ్చిన ప్రతిసారీ పనివాళ్లను తీసేశారు. పశుక్షేత్రాల యజమానులు చేసిన పనినే ఇక్కడ ప్రభుత్వం చేసింది.

పనులు పోయిన ఈ ఖాళీలోకి వచ్చిందే సీడీఈపీ, అంటే సముదాయ అభివృద్ధి ఉపాధి పథకం. 1977లో కేంద్రంలోని ఫ్రేజర్ ప్రభుత్వం దీన్ని మొదలుపెట్టింది. మొదట అమలైన ఊరు నార్తర్న్ టెరిటరీలోని బామ్యిలి, ఇప్పటి బరుంగ. ఊరికే వచ్చే నిరుద్యోగ భృతిని ఆదివాసీ ఊళ్లవాళ్లే కూర్చుని తినే డబ్బు అని ఈసడించుకునేవారు. అందుకని మనిషి మనిషికీ వచ్చే భృతిని కలిపి ఒకే మొత్తంగా ఊరి కౌన్సిల్‌కి ఇచ్చేవారు. పైన సామగ్రికి, నిర్వహణకు కొంత కలిపేవారు. కౌన్సిల్ ఆ డబ్బుతో వారానికి పదిహేను, పదహారు గంటల పని చెప్పి జీతంగా ఇచ్చేది.

ఆ రోజుల్లో అలాంటి ఊళ్లలో పొద్దున్నే పనికి వెళ్లినవాళ్లను చూడండి. ఇంటింటి చెత్త ఎత్తింది వీళ్లే. వానకు కొట్టుకుపోయిన మట్టిరోడ్డు పూడ్చింది, ఇళ్ల పైపులు బాగుచేసింది, చిన్న విమానాలు దిగే మైదానంలో గడ్డి కోసింది కూడా వీళ్లే. మన దగ్గరైతే మునిసిపాలిటీలు చేయించే పని ఇదంతా. కౌన్సిల్ ఆఫీసులో కుర్చీ వేసుకుని లెక్కలు చూసే గుమాస్తా, పనులు పురమాయించే మేనేజరు మాత్రం చాలాచోట్ల తెల్లవాళ్లు. వాళ్లకి గ్రేడు, సెలవులు, పదోన్నతి అన్నీ ఉండేవి. చెత్త ఎత్తేవాడికి పని ఉండేది గానీ పోస్టు లేదు. మన ఎన్‌ఎంఆర్ (మస్టరు మీద రోజుకూలీ) కార్మికుల గోడు తెలిసినవాళ్లకి ఇంతకన్నా వివరించక్కర్లేదు.

ఇక్కడ నాకో పాత తగాదా ఉంది. నిర్వాహకులు క్షమించాలి, అది చెప్పకుండా ముందుకు పోలేను. 2002, 2003 నాటికి సీడీఈపీలో సుమారు 35,000 మంది ఉన్నారు. ఆర్థికవేత్త హెలెన్ హ్యూస్ వర్గం దీన్ని ఉద్యోగమనే ముసుగు తొడిగిన సంక్షేమం అంది. ఆదివాసీ నాయకుడు నోయెల్ పియర్సన్ కూర్చోబెట్టి ఇచ్చే సాయం మీద చేసిన విమర్శను కూడా చాలామంది ఇటే తిప్పారు. అవతల జాన్ ఆల్ట్‌మన్, టిమ్ రౌస్ వంటి పరిశోధకులు, ఇది ఆదివాసులు తమ సంస్థలను నిలబెట్టుకోవడానికి దొరికిన ఊతం అన్నారు. నా మొగ్గు రెండో పక్షం వైపే. అయినా ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. ఒకరు పనిచేసేవాడి మనస్తత్వం గురించి, ఇంకొకరు సముదాయం స్వయంప్రతిపత్తి గురించి వాదించుకుంటుంటే, మధ్యలో లాభపడ్డ మూడోవాడిని ఇద్దరూ సరిగా పట్టుకోలేదు. వాడు ప్రభుత్వం. ఏ తెల్లవాళ్ల ఊళ్లోనైనా పూర్తి జీతమిచ్చి చేయించాల్సిన పారిశుధ్యం, రోడ్ల పని ఆదివాసీ ఊళ్లలో భృతి డబ్బుతో జరిగిపోయింది. పైగా జనాభా లెక్కల్లో సీడీఈపీ వాళ్లందరినీ ఉద్యోగులుగానే రాసుకున్నారు. లెక్కలో ఉద్యోగం, ఖజానాలో భృతి! సోమరితనం గురించి మాట్లాడేవాళ్లు ముందు ఆ చెత్తబండి ఎవరు తోలారో చెప్పాలి. స్వయంప్రతిపత్తి గురించి మాట్లాడేవాళ్లు ఆ బండి తోలినవాడు ఇరవయ్యేళ్ల తర్వాత కూడా మేనేజరు ఎందుకు కాలేదో చెప్పాలి. కాన్‌బెర్రా సెమినార్లలో ఈ ప్రశ్న వేసినప్పుడల్లా టీ విరామం వచ్చేసేది.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. మిగిలింది పరుగు పరుగున చెప్పేస్తాను. ఆదివాసుల ఉపాధి మీద 1985లో మిక్ మిల్లర్ కమిటీ నివేదిక, 1987లో కేంద్ర ఉపాధి విధానం వచ్చాయి. 2000 నాటికి ఉపాధిలో ఆదివాసులను అందరితో సమానం చేస్తామన్నారు, చెయ్యలేదు. 2007లో ఆదివాసీ ఊళ్ల వ్యవహారాల్లో కేంద్రం తలదూర్చిన నార్తర్న్ టెరిటరీ జోక్యంతో సీడీఈపీకి గొడ్డలిపెట్టు పడింది, 2013లో దాన్ని మరో పథకంలో కలిపేశారు. మధ్యలో 2008 జులై 1న ఆ టెరిటరీలోని పదుల కొద్దీ ఊరి కౌన్సిళ్లను కలిపి ఎనిమిది పెద్ద షైర్లు చేశారు. మెక్‌డొనెల్, సెంట్రల్ డెజర్ట్ షైర్ల ప్రధాన కార్యాలయాలు ఆలిస్ స్ప్రింగ్స్‌లో పెట్టారు. ఊళ్లో ఉన్న కాసిని గుమాస్తా కుర్చీలూ పట్నానికి తరలిపోయాయి.

న్యూ సౌత్ వేల్స్ దారి వేరు. 1983లో ప్యాట్ డిక్సన్ ఆర్మిడేల్ కౌన్సిల్‌కి ఎన్నికయ్యారు. ఆ రాష్ట్రంలో అలా గెలిచిన తొలి ఆదివాసీ మహిళ ఆమె. అక్కడి 1977 నాటి వివక్ష నిరోధక చట్టం ప్రకారం, పని స్వభావం కోరితే ఫలానా పోస్టు ఆదివాసులకే అని కౌన్సిల్ ప్రకటించవచ్చు. మన దగ్గర షెడ్యూల్డు ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసిందని తెలుసు కదా. అక్కడ ఒక్కో పోస్టుకీ కారణం చూపించి నిలబెట్టుకుంటారు. ఆ పద్ధతిని మనవాళ్లు చదవాలి.

ఆదివాసులకూ మిగతావాళ్లకూ మధ్య అంతరం పూడ్చాలన్న 2020 జులై నాటి జాతీయ ఒప్పందంలో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలతో పాటు స్థానిక ప్రభుత్వాల జాతీయ సంఘం కూడా సంతకం పెట్టింది. 25 నుంచి 64 ఏళ్ల ఆదివాసుల్లో 62 శాతం మందికి 2031 కల్లా ఉద్యోగాలుండాలని లక్ష్యం. 2021లో అది 55.7 శాతం. మారుమూల ప్రాంతాలకు 3,000 ఉద్యోగాలిస్తామని 2024లో కేంద్రం ప్రకటించింది. బాగానే ఉంది. కానీ శాతం చూసి మురిసిపోయే తప్పు సీడీఈపీ కాలంలో ఒకసారి జరిగిపోయింది.

అందుకని ఏ కౌన్సిల్ అయినా మా దగ్గర ఇంతమంది ఆదివాసీ ఉద్యోగులున్నారని చెబితే, ఆ ఒక్క అంకెతో వదిలిపెట్టకండి. బయట పనివాళ్లెందరు, గుమాస్తాలెందరు, ఇంజనీర్లెందరు, జనరల్ మేనేజర్లెందరు అని గ్రేడువారీగా అడగండి. వాళ్ల జీతం ఏ పద్దు నుంచి వస్తోందో అడగండి. పథకం నుంచి వస్తే ఆ పథకంతోనే పోతుంది. కౌన్సిల్ సొంత బడ్జెట్ నుంచి వస్తేనే అది ఉద్యోగం. శిక్షణకు చేరిన కుర్రాడు పదేళ్లకు ఏ కుర్చీలో ఉన్నాడో చూడండి. కౌన్సిల్ ఉపాధి కల్పించిందా లేదా అన్నది ఆ కుర్చీని బట్టే తేల్చాలి.