సాయంకాలపు రెండు గంటలు ఎవరివి?

(సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



తెలుగు నాటకము వేసినపుడు వరుసలు నిండుట లేదనియు, వచ్చినవారైనను కడవఱకు కూర్చుండుట లేదనియు మనవంటి సంఘములందు తఱచుగా వినబడుచున్నది. ఈ నేరమును ఒకప్పుడు సినిమాపై మోపితిమి. తరువాత టెలివిజనుపై మోపితిమి. నేడు చేతిలోని ఫోనుపై మోపుచున్నాము. మా మనవి యేమనగా, పని తీరిన గృహస్థునకు దినమున మిగులునది రెండు గంటలు మాత్రమే. ఆ రెండు గంటలను అతడు ఎవరికి ఇచ్చుననునదే అసలు ప్రశ్న. యంత్రములు మాఱుచుండును, ప్రశ్న మాఱదు.

ఈ పోటీ క్రొత్తదియు కాదు. బళ్లారి పట్టణమునే చూడుడు. ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు అచ్చట సరసవినోదినీ సభను నెలకొల్పిరి. కోలాచలము శ్రీనివాసరావుగారు సుమనోరమ సభను నడపిరి. ఇరువురును న్యాయవాదులే, ఇరువురును నాటకకర్తలే. ఊరు మాత్రము ఒక్కటే. ప్రేక్షకులును వారే. అయినను ఇరువురి త్రోవలు వేఱు. ఆచార్యులుగారు పాటలతో, పద్యములతో పురాణగాథలను రంగమెక్కించి, విషాదాంత నాటకమును తెలుగువారికి రుచి చూపిరి. రావుగారు చరిత్రను ఆశ్రయించిరి. ఆచార్యులుగారి మేనల్లుడైన బళ్లారి రాఘవగారు రావుగారి నాటకమున పఠాను పాత్ర ధరించి మిక్కిలి ఖ్యాతి గడించిరి. పోటీవలన ఊరు నష్టపోలేదు, నాటకము పెరిగినది. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినను ఆ కీర్తి తెలుగునాటక చరిత్రలో చెక్కుచెదరలేదు.

1932లో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చినది. అది ఆచార్యులుగారి నాటకమును ఆధారముగా గైకొన్నది. నటులను సురభివారినుండి తెచ్చుకొన్నది. అనగా సినిమా మొదట మన కథను, పిదప మన నటులను, ఆపైన మన ప్రేక్షకులను తీసికొన్నది. 1885లో కడప మండలమున పుట్టిన సురభి నాటకకళ ఈ దెబ్బకు క్షీణించినను నశింపలేదు. కారణమేమి? తెరపై మాయ చూచినవాడు అది ఛాయయని ఎఱుగును. సురభివారి ‘మాయాబజారు’లో కన్నులయెదుట మనుష్యుడు గాలిలో తేలినపుడు పిల్లలేకాక పెద్దలును నోరు తెఱతురు. సినిమా చేయజాలనిదానిని వారు విడువలేదు.

అయినను సినిమాకును తరువాత వచ్చినవానికిని ఒక పెద్ద భేదము కలదు. సినిమాకు పోవలెనన్న ఇల్లు కదలవలెను; నాటకమునకును అంతే. 1987, 1988 సంవత్సరములలో ఆదివారము ఉదయమున దూరదర్శన్ రామాయణము వచ్చుచుండగా వీథులు నిర్మానుష్యములైనవి. ఇల్లు కదలకయే వినోదము లభించునని జనులు ఆనాడు తెలిసికొనిరి. 2016 తరువాత ఇంటర్నెట్టు చౌకయగుటతో ఇంటిలోని ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగస్థలము ఏర్పడినది. కావున నేడు మనము ఓడింపవలసినది కదలకుండుటలోని సుఖమును. టికెట్టు లేదని ప్రకటించినంతమాత్రమున జనులు రారు. బస్సు ఛార్జి, రాత్రి భోజనము, పిల్లల పరీక్షలు, పెద్దల మోకాళ్ల నొప్పులు, ఇవియే ప్రేక్షకుడు చెల్లించు నిజమైన మూల్యము.

ఈ మూల్యమును సంతోషముగా చెల్లించువారును కలరు. చెన్నపురిలో 1928లో మ్యూజిక్ అకాడమీ స్థాపితమైనది. ఏటేట డిసెంబరు మాసమున అచ్చటి సభలన్నియు ఒకే కాలమున కచ్చేరీలు పెట్టును. ఒకదాని శ్రోతను మఱియొకటి లాగికొనునని తోచును. కాని అన్నియు ఒక్కచోట, ఒక్క ఋతువున కూడుటచేతనే దూరదేశములనుండి రసికులు సెలవు పెట్టుకొని వత్తురు. తేదీ ముందే తెలియును, భోజనమునకు క్యాంటీను కలదు, పరిచితులు కనబడుదురు. అచ్చట వినబడు త్యాగరాజ కృతులు తెలుగువే. వినువారిలో అనేకులకు తెలుగు రాదు.

తంజావూరు ప్రాంతమున మెలట్టూరు కలదు. నరసింహ జయంతికి వరదరాజస్వామి ఆలయము ఎదుట అచ్చటి భాగవతులు మెలట్టూరు వెంకటరామశాస్త్రిగారి తెలుగు నాటకములను రాత్రియందు ఆడుదురు. నటులలో పలువురు అన్యత్ర ఉద్యోగములు చేయుచు ఆ దినములకు ఊరు చేరువారు. తండ్రి వేసిన వేషమును కుమారుడు ధరించును. చూచువారు ఎక్కువగా తమిళులు. వారికి అది కాలక్షేపము కాదు, ఏటి పండుగ. వేషము వేసినవాడు తమ యింటివాడైనపుడు ఫోనువైపు చూచువారు అరుదు.

మనకు మెలట్టూరి సంప్రదాయము లేదు, చెన్నపురి ధనబలమును లేదు. అయినను కొన్ని చేయవచ్చును. ఏటికొక్క తేదీ స్థిరపఱచి, దానిని మార్పకుందము. ఆఱు గంటలకనిన ఆఱింటికే తెర లేపి, ఎనిమిదిన్నరకు ముగింతము. ముఖ్యులు రాలేదని జనులను కాచియుండనీయము. అచ్చటనే పులిహోర, మజ్జిగ ఏర్పాటు చేయుదము. ప్రతి గృహమునకును ఒక పని అప్పగింతము: ఒకరికి వేషము, ఒకరికి హార్మోనియము, ఒకరికి వంట, ఒకరికి తెరలు. ఫోనులో లభించు సినిమా పాటలనే మైకులో వినిపించుట మానుదము. అందులో ఫోనే మనకంటె ఘనమైనది.

ఇంకొక మాట కొందఱికి కష్టముగా తోచవచ్చును. నాటక పద్యములను స్థానిక లిపిలో, అనగా కన్నడ, తమిళ, ఒడియా లిపులలో అచ్చువేసి పిల్లలకు ఈయవలెనని మా అభిప్రాయము. ఇది తెలుగు లిపికి ద్రోహమని కొందఱందురు. లిపి నేర్పుట మన విధియే. కాని లిపి వచ్చువఱకు పద్యము ఆగవలెనన్నచో ఆ బిడ్డ పెరిగి పెద్దయగును, పద్యము వానికి అందదు. నోటికి వచ్చిన పద్యమే రేపు వానిని అక్షరములచెంతకు తీసికొనిపోవును. ఇరుగుపొరుగు కన్నడిగులు, తమిళులు, ఒడియావారును ఆ కాగితము చేతబట్టి మన ప్రక్కన కూర్చుండగలరు.

ఫోనులోనుండి తెలుగు పుష్కలముగా వినబడుచున్నది. కాని అది చెవికి చేరి నిలిచిపోవును; బిడ్డ దానికి బదులు పలుకనక్కఱలేదు. నలుగురియెదుట గొంతెత్తి తెలుగు పలుకవలసిన తావు మన ఊళ్లలో ఈ రంగస్థలము తప్ప మఱి యెన్ని మిగిలినవి? కావున ఖాళీ కుర్చీల లెక్కను తరువాత చూతము. ఈ యేడు ఎందఱు బిడ్డలు వేదికపై నిలిచి పలుకుదురో ఆ లెక్కను ముందు వ్రాసికొందము. ఆ బిడ్డల తలిదండ్రులు, తాతలు, అవ్వలు రెండు గంటలు మనకిత్తురు. నేడు ఇల్లు చేరులోపల, మీ యింటినుండి ఎవరు ఏ పనికి వత్తురో పేరు వ్రాయించిపోవ ప్రార్థించుచున్నాము.